మొరియార్టీ మెడకు భిలాయి భాష్యం

బల్లి నడినెత్తిన పడితే ఏమవుతుందో, ఎడమ భుజం మీద పడితే ఏమవుతుందో పంచాంగం చివర పట్టిక వేసి మరీ చెబుతారు. తుమ్ముకి శాస్త్రం ఉంది. కన్ను అదరడానికి ఉంది, అదీ ఆడవాళ్లకి వేరు, మగవాళ్లకి వేరు. పుట్టుమచ్చలకీ, పిల్లి ఎదురు రావడానికీ, చివరికి దొంగతనానికీ ఉంది. దుష్టుడి మెడకి మాత్రం లేదు. ఈ లోటు ఇంతవరకూ ఎవరికీ తెలియలేదు. ఎవరికీ తెలియని లోటును పూడ్చడమే శాస్త్రకారుడి పని కనుక, షెర్లాక్ హోమ్స్ శత్రువు ప్రొఫెసర్ మొరియార్టీ మెడ గురించీ, నూరేళ్లకు పైగా ఆ మెడను అరువు తెచ్చుకుంటున్న నటుల గురించీ ఈ గ్రంథం ఆరంభిస్తున్నాను.

శాస్త్రం అన్నాక ముందు నాలుగు చెప్పాలి: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. దీన్ని చదవడానికి అధికారి ఎవడంటే, నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి, కూలర్ మోతలో పగటినిద్ర పట్టక, సెల్‌ఫోన్‌లో నలుపు తెలుపు సినిమాలు చూసేవాడు. జనరల్ షిఫ్ట్ వాళ్లు కూడా చదవచ్చు గానీ పూర్తి ఫలం దక్కదు. విషయం మెడ. ప్రయోజనం ఏమీ లేదు. సంబంధం దగ్గరే చిక్కు వచ్చింది, అదీ మా ఇంటి గుమ్మంలోనే వచ్చింది.

నాకు వరసకి బావ ఒకాయన రైల్ మిల్లులో పనిచేస్తాడు. సొంతూరు పలాస దగ్గర. నా చేతిలో నోటు పుస్తకం చూసి, "ఏటి బావా, ఆ లండన్ దొంగకీ మన భిలాయికీ ఏటి సమ్మందం?" అన్నాడు. తప్పు పట్టలేం. రైలు పట్టాకి హెడ్ ఉంటుంది, వెబ్ ఉంటుంది, ఫుట్ ఉంటుంది. అంటే తల, నడుం, పాదం. మెడ ఉండదు. బతుకంతా మెడలేని వస్తువు తయారుచేసినవాడికి మెడ మీద ఆసక్తి కలగాలంటే కాస్త టైము పడుతుంది. అందుకని సంబంధాన్ని కాసేపు పక్కన పెట్టి, ముందు మూలగ్రంథం చూద్దాం.

మొరియార్టీ తొలిసారి కనిపించింది 1893 డిసెంబరు స్ట్రాండ్ పత్రికలో, 'ద ఫైనల్ ప్రాబ్లెమ్' అనే కథలో. రచయిత కోనన్ డాయల్‌కి హోమ్స్ అంటే విసుగెత్తిపోయింది. హోమ్స్‌ని చంపడానికి తగిన హోదా ఉన్న శత్రువు కావాలి. అప్పటికప్పుడు ఒక లెక్కల ప్రొఫెసరుని పుట్టించి, అదే కథ చివర ఆయన్నీ జలపాతంలో తోసేశాడు. ఇంత తక్కువ సర్వీసులో ఇంత పెద్ద పేరు తెచ్చుకున్న ఉద్యోగి మరొకడు లేడు. 1891 ఏప్రిల్ 24 సాయంత్రం హోమ్స్ తన స్నేహితుడు వాట్సన్ ఇంటికొచ్చి, ఆ ఉదయమే మొరియార్టీ తన గదికి వచ్చిన వైనం చెబుతాడు. బాగా పొడుగు, బాగా సన్నం. ముందుకి పొడుచుకొచ్చిన తెల్లటి నుదురు. లోతుకి పోయిన కళ్లు. గడ్డం మీసం లేని పాలిపోయిన ముఖం, సన్యాసి వాలకం. పుస్తకాల మీద వంగి వంగి గుండ్రబడిన భుజాలు. ఇదంతా కదలని సామాను. కదిలేది ఒక్కటే చెప్పాడు: ముందుకి చాచిన ఆ తల, పాము తల మాదిరిగా, నెమ్మదిగా అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది.

సూత్రం: కదిలేది మెడ, మిగతాది మేకప్.

వృత్తి. నుదురు పెంచడానికి మేకప్ మనిషి చాలు. బుగ్గలు లోపలికి పోవడానికి నాలుగు రోజుల పస్తు చాలు. భుజాలకి దర్జీ చాలు. నటుడు చేయాల్సిందంటూ మిగిలింది మెడ కదపడం ఒక్కటే. కాబట్టి మొరియార్టీ వేషం వేసిన ప్రతివాణ్ణీ మెడ దగ్గరే పట్టుకోవాలి. కళ్లు చూసి మోసపోవద్దు, గొంతు విని అసలే మోసపోవద్దు.

మెడకి మన దగ్గర ప్రమాణగ్రంథం లేకపోలేదు. నందికేశ్వరుడి అభినయ దర్పణం నాలుగు గ్రీవాభేదాలు చెప్పింది: సుందరి, తిరశ్చీన, పరివర్తిత, ప్రకంపిత. భరతుడు నాట్యశాస్త్రంలో తొమ్మిది చెప్పాడు గానీ, అంత లోతుకి దిగితే టిఫిన్ డబ్బా తెరిచే వేళ దాటిపోతుంది. నాలుగు చాలు. సుందరి అంటే మెడ అడ్డంగా సాగడం; స్నేహం మొదలుపెట్టేటప్పుడు వాడతారు. మొరియార్టీ హోమ్స్ గదికి వచ్చింది స్నేహానికి కాదు. పరివర్తితం అర్ధచంద్రాకారంలో తిరుగుతుంది, శృంగారానికి పనికొస్తుంది. ప్రకంపితం ముందుకీ వెనక్కీ, పావురం నడకలా. ఇక మిగిలింది తిరశ్చీనం: రెండు పక్కలకీ పైకి సాగుతూ పాము పాకినట్టు ఉండేది. దీని వినియోగం దగ్గర నందికేశ్వరుడు సర్పగమనాన్నే చెప్పాడు. ఎడింబరోలో వైద్యం చదివిన డాయల్ కూచిపూడి నేర్చుకున్న దాఖలాలు లేవు. అయినా కూచిపూడి క్లాసులో పిల్లలు మూడో నెలకల్లా పట్టే కదలికను ఆయన లెక్కల ప్రొఫెసరుకి అంటగట్టాడు. దీన్ని కాకతాళీయ న్యాయం అంటారు. శాస్త్రకారులకి ఏమీ తోచనప్పుడు చాలా ఆదుకునే న్యాయం.

ఇప్పుడు సంబంధం. 1955 ఫిబ్రవరి 2న స్టీల్ ప్లాంటు కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైన ఊరు మా భిలాయి. దల్లీ రాజ్‌హరా నుంచి ఖనిజం వచ్చినట్టే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి మనుషులు వచ్చారు. వస్తూ వస్తూ ఆవకాయ జాడీతోపాటు పద్యనాటకాన్నీ తెచ్చుకున్నారు. పద్యనాటకం చూసి పెరిగినవాడికి దుష్టుడంటే కొన్ని కచ్చితమైన లెక్కలుంటాయి. వాడు తెర లేవకముందే లోపలినుంచి ఒక అరుపు అరవాలి. వచ్చాక తనెవరో, తన బలమెంతో, తనకెవరి మీద పగో రాగయుక్తంగా చెప్పుకోవాలి. చివర రాగం సాగదీస్తే వన్స్ మోర్ కొట్టడానికి జనం సిద్ధంగా ఉంటారు, చచ్చిపోయే సీనైనా సరే, లేచి మళ్లీ పాడి మళ్లీ చావాలి. మొరియార్టీ దీనికి పూర్తిగా తిరగబడ్డ జీవి. తలుపు తట్టకుండా వస్తాడు. పద్యం లేదు. వచ్చిన పని నాలుగు ముక్కల్లో చెప్పి, నోటు పుస్తకం చూసి తేదీలు చదివి వెళ్లిపోతాడు. మావాళ్ల లెక్కన వీడు విలన్ కాడు, ఆడిట్ ఆఫీసరు.

పూర్వపక్షి ఇక్కడ లేస్తాడు: మనకీ నోరెత్తకుండా కొంపలు ముంచే విలన్ ఉన్నాడు కదా, శకుని? నిజమే. మొరియార్టీని తెలుగులో పెట్టాలంటే రావణుడి పక్కనా కాదు, దుర్యోధనుడి పక్కనా కాదు, శకుని పక్కనే పీట వేయాలి. 'నర్తనశాల'లో ఎస్.వి. రంగారావు కీచకుడు 1963లో తెర మీద నడిచాడు, జకార్తా దాకా వెళ్లి ఉత్తమ నటుడి బహుమతి తెచ్చాడు. గొప్ప నటన, కానీ కీచకుడి మెడలో పూలదండ ఉన్నంత సేపూ ఆ మెడకి వేరే పని లేదు. అదే 'మాయాబజార్'లో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు శకుని చూడండి. నవ్వుతాడు, లాలిస్తాడు, పెళ్లివారికి మర్యాదలు చేస్తాడు. చేతిలో పాచికలు ఉన్నాయన్న సంగతి అందరికన్నా ముందు ఆయన మెడకి తెలుస్తుంది. తరవాత 'శ్రీకృష్ణ పాండవీయం'లో, 'దానవీర శూర కర్ణ'లో ధూళిపాళ వచ్చి శకుని అంటే తనే అన్నంతగా ఆ పాత్రను పట్టేశారు. సి.ఎస్.ఆర్. శకునితో భోజనానికి కూర్చోవచ్చు. ధూళిపాళ శకునితో కూర్చుంటే ముద్ద దిగదు. రెండూ శకునులే.

శకునికీ మొరియార్టీకీ చుట్టరికం ఇంకా లోతైనది. ఇరవై ఒకటో ఏట మొరియార్టీ ద్విపద సిద్ధాంతం మీద గ్రంథం రాశాడనీ, యూరప్ అంతా అది చదివిందనీ, దాని పుణ్యాన ఒక చిన్న విశ్వవిద్యాలయంలో గణితపీఠం దక్కిందనీ హోమ్స్ చెబుతాడు. ద్విపద సిద్ధాంతం అంటే ఏమిటి? పదిసార్లు నాణెం ఎగరేస్తే సరిగ్గా అయిదుసార్లు బొమ్మ పడే అవకాశం ఎంత అన్న లెక్కకి అదే తాళంచెవి: 1,024లో 252, నాలుగో వంతుకి కాస్త తక్కువ. అంటే జూదగాడి లెక్క. ఇద్దరిదీ ఒకే సబ్జెక్టు. తేడా అల్లా ఏమిటంటే, మొరియార్టీ లెక్క వేసి ఆడతాడు, శకుని వేయాల్సిన లెక్కను పాచికలకే నేర్పి ఆడతాడు. మా బావ ఇది విని, "అయితే మన శకునే పెద్ద ఇంజినీరు" అన్నాడు. ప్లాంటులో పనిచేసే మనిషి కదా, థియరీ కన్నా ప్రాసెస్ మీద గౌరవం.

సంబంధం ఇంతటితో కుదిరిందని అనుకోవద్దు. భిలాయికి పక్కనే గనియారి ఊళ్లో పుట్టిన తీజన్ బాయి సంగతి ఉంది. పండవానీ గాయని, ఇదే స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేసిన మనిషి, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్. పండవానీలో వేదమతి అని ఒక పద్ధతి, కాపాలిక అని ఒక పద్ధతి. వేదమతిలో కూర్చుని పాడతారు. ఆడవాళ్లు పాడితే అలాగే పాడాలనేవారు. తీజన్ బాయి లేచి నిలబడి కాపాలికలో పాడింది. చేతిలో తంబూరా ఒక్కటే. అదే భీముడి గద, అదే అర్జునుడి విల్లు, దుశ్శాసన వధ వచ్చేసరికి అదే దుశ్శాసనుడి చెయ్యి. భీముడూ ఆమే, దుశ్శాసనుడూ ఆమే. పక్కన రాగి అని ఒకడు కూర్చుంటాడు. వాడి పని ప్రతి మాటకీ ఊఁ కొట్టడం, మధ్యలో అమాయకంగా ప్రశ్న వేయడం, కథ జారకుండా చూసుకోవడం. వాట్సన్ ఉద్యోగం కూడా అక్షరాలా ఇదే. మొరియార్టీ కథంతా హోమ్స్ చెబితే వాట్సన్ విన్నదే. తన కళ్లతో వాట్సన్ చూసిందంతా కలిపితే, విక్టోరియా స్టేషన్లో జనాన్ని తోసుకొస్తున్న ఒక పొడుగాటి మనిషీ, స్విట్జర్లాండ్ కొండదారిలో దూరాన వేగంగా నడిచిపోయే ఒక ఆకారమూ. రెండింటిలోనూ మెడ కనిపించే దూరం కాదు. హోమ్స్ ఒంటరిగా నిలబడి ఆడిన పండవానీలో మొరియార్టీ ఒక పాత్ర. ఈ ముక్క గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ఇక నటులు. విలియం జిలెట్ 1899లో హోమ్స్ నాటకం తెచ్చి అందులో మొరియార్టీని ప్రవేశపెట్టాడు. నాటకశాలలో వెనక బెంచీవాడికి మెడ కనపడదు కనుక అది మనకి ప్రమాణం కాదు. దాన్నే 1916లో మూకీగా తీస్తే ఎర్నెస్ట్ మోపా మొరియార్టీ అయ్యాడు. ఆ ఫిల్ము పోయిందనుకున్నాక 2014లో పారిస్‌లోని ఫిల్ము భాండాగారంలో దొరికింది. 1922లో జాన్ బారీమోర్ హోమ్స్‌కి ఎదురుగా గుస్తావ్ ఫాన్ సైఫర్టిట్జ్. మూకీల్లో మొరియార్టీకి కళ్లతోనే చాకిరీ ఎక్కువ. దాటేద్దాం.

లిన్ హార్డింగ్ విషయం విచిత్రం. 1935లో, 1937లో రెండుసార్లు మొరియార్టీ వేశాడు. అంతకుముందు 1931లో 'ద స్పెకిల్డ్ బ్యాండ్' సినిమాలో పామును పెంచి మనుషుల మీదికి వదిలే డాక్టరు వేషం వేశాడు. ప్రపంచ చరిత్రలో మొరియార్టీ కావడానికి ముందు పాముతో కాపురం చేసిన నటుడు ఈయనొక్కడే. అయినా మెడ అబ్బలేదు. దుక్కలాంటి ఒళ్లు. పాముని పెంచిన కొద్దీ మనిషి పాము అవుతాడన్నది శాస్త్రసమ్మతం కాదని దీనివల్ల తేలింది.

జార్జ్ జుకో (1939) మర్యాదస్తుడు. కోర్టులో నిర్దోషిగా బయటపడి, వాన కురుస్తుంటే హోమ్స్‌తో కలిసి ఒకే బండిలో ఇంటికి వెళతాడు. మనుషులు చస్తే చలించడు గానీ పూలమొక్కకి నీళ్లు పోయని నౌకరుని మాత్రం క్షమించడు. ఈ లక్షణం మా టౌన్‌షిప్పులో క్వార్టర్ ముందు గులాబీలు పెంచే కొందరు పెద్దమనుషుల్లో కూడా చూశాను. పేర్లు శాస్త్రానికి అనవసరం. జుకో మెడ మొక్కల మీదికి వంగినప్పుడే అందంగా ఉంటుంది. లయొనెల్ ఆట్‌విల్ (1942) అంతా కళ్లే. హోమ్స్ రక్తం చుక్క చుక్కగా తీసి చంపాలని చూస్తాడు, అదీ హోమ్స్ ఇచ్చిన సలహా మీదే. శత్రువు చెబితే వినే విలన్‌కి వెన్నెముకే అనుమానం, మెడ దాకా ఎందుకు?

జారెడ్ హారిస్ (2011) గడ్డం పెంచాడు. తర్కశాస్త్రం లక్షణానికి మూడు దోషాలు చెప్పింది: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. మూలంలో మొరియార్టీకి గడ్డం లేదు; ఉన్న గడ్డం మెడని కప్పేస్తుంది. ఇది స్పష్టమైన అవ్యాప్తి. గ్రామఫోనులో షూబర్ట్ చేపపాట పెట్టి, హోమ్స్‌ని కొక్కేనికి తగిలించి, పాటతోపాటు తనూ పాడతాడు. చాలా బాగుంటుంది, పద్యనాటకం వాళ్లకి తెగ నచ్చుతుంది, శాస్త్రానికి మాత్రం మెడ కావాలి. నటాలీ డోర్మర్ (2013) స్త్రీ మొరియార్టీ; ముందు హోమ్స్ ప్రియురాలిగా ఉండి తరవాత బయటపడుతుంది. ఇందాక కొట్టేసిన సుందరీ గ్రీవాన్ని ఈమె కోసం మళ్లీ తెరిచి, ఒక ప్రత్యేక అధికరణం రాయాల్సి వచ్చింది.

ఆండ్రూ స్కాట్ గురించి మా ఇంట్లో రెండు పార్టీలు. 2010 నుంచి టీవీలో వచ్చిన మొరియార్టీ ఇతను. సూటు వేసుకున్న కుర్రాడు, వాక్యం కింద మొదలై ఉన్నట్టుండి పైకి లేస్తుంది, మళ్లీ దబ్బున పడుతుంది. పిల్లలకి ఇతనే మొరియార్టీ, మిగతావాళ్లు తాతలు. నేను మొదట ఇతన్ని అతివ్యాప్తి కింద కొట్టేశాను: మెడే కాదు, ఒళ్లంతా ఊగుతుంది. మళ్లీ చూశాక అర్థమైంది, ఇతను మెడలోని ఆ అటూ ఇటూ ఆటను తీసుకెళ్లి గొంతులో పెట్టాడు. తిరశ్చీనం కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది. నందికేశ్వరుడు ఊహించని ఎత్తు. పిల్లల పార్టీకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

లారెన్స్ ఒలివియే (1976) అసలు దుష్టుడే కాదు. నికొలస్ మేయర్ నవల ప్రకారం మొరియార్టీ పాపం ఒక ముసలి లెక్కల మాష్టారు. హోమ్స్ కొకెయిన్ మత్తులో ఆయన్ని నేరప్రపంచానికి చక్రవర్తిని చేసి వెంటపడతాడు. ఈ మెడ ఊగదు, వణుకుతుంది. దీన్ని నవ్వులాటగా తీసుకుని వదిలేస్తే మనకే నష్టం. సాక్షి మాట నమ్మొచ్చా అన్న ప్రశ్న లేవనెత్తిన సినిమా ఇది.

ఎరిక్ పోర్టర్ (1985) గ్రెనడా టీవీ మనిషి. అక్కడివాళ్లు సిడ్నీ పాజెట్ 1893లో గీసిన బొమ్మలు ముందు పెట్టుకుని సీన్లు తీసేవారు. జెరెమీ బ్రెట్ హోమ్స్ ముందు పోర్టర్ నిలబడితే బొమ్మ లేచి వచ్చినట్టే ఉంటుంది. నుదురు, భుజాలు, ముందుకి చాచిన ముఖం, అన్నీ గ్రంథోక్తం. గ్రంథం పట్టుకుని మార్కులు వేస్తే మొదటి ర్యాంకు ఈయనదే. శాస్త్రం ఇక్కడితో ముగిసిపోయేది, మా ఊరు భిలాయి కాకపోతే.

సోవియట్ మొరియార్టీ ఉన్నాడు కదా. 1980లో లెన్‌ఫిల్మ్ వాళ్లు, దర్శకుడు ఇగోర్ మస్లెన్నికోవ్. హోమ్స్‌గా వసీలీ లివానోవ్, ఈ వేషానికే 2006లో బ్రిటిష్ ప్రభుత్వం గౌరవ పురస్కారం ఇచ్చింది. మొరియార్టీ విక్టర్ యెవ్‌గ్రాఫోవ్. ఎముకల గూడు, నల్లకోటు, భుజాల మధ్యనుంచి పైకి లేచే తల. మూలంలో ఒక వాక్యంగా ఉన్న పాము ఇక్కడ నిలువెత్తు మనిషిగా నడుస్తుంది. రైఖెన్‌బాఖ్ జలపాతం కోసం స్విట్జర్లాండ్ వెళ్లలేదు. అబ్ఖాజియాలో ఒక జలపాతం చూసుకుని కానిచ్చేశారు. ఉన్నదాంతో పని జరిపించడం వాళ్ల పద్ధతి, మా ఫర్నేసులకి తెలుసు. అసలు విశేషం వేరే. మెడ యెవ్‌గ్రాఫోవ్‌ది, గొంతు ఒలేగ్ దాల్ అనే మరో నటుడిది. డబ్బింగ్. ఒకే కంఠానికి ఇద్దరు హక్కుదారులు! దీన్ని తప్పు పట్టే నైతికార్హత తెలుగు ప్రేక్షకుడికి లేదు; మన సినిమాల్లో ఎన్ని హిందీ మెడలకి ఎన్ని తెలుగు గొంతులు అతికించామో లెక్కపెట్టలేం. మైత్రీబాగ్‌లో తెల్లపులిని చూస్తూ పెరిగిన పిల్లలున్న ఊరు మాది, ఆ తోట పేరులోని మైత్రి ఎవరితోనో అందరికీ తెలుసు. కనుక యెవ్‌గ్రాఫోవ్‌కి అయిదు గ్రేస్ మార్కులు. పక్షపాతం అంటారేమో. అవును. భాష్యకారుడికి ఊరుంటుంది.

చివరికి మిగిలినవాడు హెన్రీ డేనియల్. 1945, 'ద ఉమన్ ఇన్ గ్రీన్'. ఈయన మెడ కదపడు. అసలు కదపడు. కాలర్ మీద తల అమర్చినట్టు ఉంటుంది. పెదవులు కూడా ఎంత అవసరమో అంతే విప్పుతాడు. మెడ శాస్త్రం ప్రకారం సున్నా మార్కులు రావాలి. అయితే ఎదురుగా హోమ్స్‌గా నిలబడి నటించిన బేసిల్ రాత్‌బోన్, ముగ్గురు మొరియార్టీలతో తలపడినవాడు, తన ఆత్మకథలో అందరికన్నా మెచ్చుకున్నది డేనియల్‌నే. చూసినవాళ్లకీ వెన్ను చల్లబడేది ఈయన దగ్గరే. లక్షణం ఒకచోట, ఫలం ఇంకోచోట! ఏ శాస్త్రానికైనా ఇంతకన్నా అవమానం ఉండదు. నేను వారం పాటు నోటు పుస్తకం మూసేశాను.

తెరిచింది 'ద వ్యాలీ ఆఫ్ ఫియర్' వల్ల. 1914లో స్ట్రాండ్‌లో సీరియల్‌గా మొదలైన నవల. ఇందులో మొరియార్టీని ముఖాముఖి చూసిన రెండో సాక్షి దొరుకుతాడు: స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ మెక్‌డొనాల్డ్. హోమ్స్ మాట మీద అనుమానం తీర్చుకోవడానికి స్వయంగా ప్రొఫెసర్ గదికి వెళ్లి కూర్చుని మాట్లాడి వచ్చాడు. ఏం చెప్పాడు? చాలా పెద్దమనిషి, సన్నటి ముఖం, నెరిసిన జుట్టు, నిదానమైన మాట, చర్చిలో పాస్టరుగా బాగా పనికొచ్చేవాడు. గ్రహణాల సంగతి వస్తే ఒక లాంతరూ ఒక గ్లోబూ తీసి క్షణంలో అర్థమయ్యేట్టు చెప్పాడు. వెళ్లేటప్పుడు తండ్రిలా భుజం మీద చెయ్యి వేశాడు. మెడ? మెడ ఊసే లేదు. పోలీసువాడు, మనుషుల గుర్తులు రాసుకోవడమే వృత్తి. పాములా తల ఆడిస్తే చెప్పకుండా ఉంటాడా?

ఇది ప్రమాణాల సంఘర్షణ. హోమ్స్ ప్రత్యక్షంలో మెడ ఊగింది, మెక్‌డొనాల్డ్ ప్రత్యక్షంలో ఊగలేదు. ఒలివియే పక్షంవాళ్లు వెంటనే హోమ్స్ కొకెయిన్ వైపు వేలు చూపిస్తారు. అంత దూరం పోనక్కర్లేదు. మూలాన్నే ఇంకోసారి నిదానంగా చదవాలి.

మొరియార్టీ గుమ్మంలో కనిపించగానే హోమ్స్ ఏం చేశాడు? సొరుగులోంచి రివాల్వర్ తీసి ఇంటి అంగీ జేబులో వేసుకుని, గుడ్డ లోపలినుంచే గురి పెట్టాడు. లోడ్ చేసిన తుపాకీని జేబులో వేళ్లతో ఆడించడం ప్రమాదమని మొరియార్టీ అంటే, తీసి బల్ల మీద పెట్టాడు. మొరియార్టీ జేబులో చెయ్యి పెట్టగానే మళ్లీ చేతికెత్తాడు. చూస్తే వాడు తీసింది నోటు పుస్తకం. ఆ గదిలో ఆ కాసేపట్లో తుపాకీ ఎన్ని చోట్లు తిరిగిందో చూశారా? ఇప్పుడు పాములవాడిని తలచుకోండి. పాముకి బయటికి కనపడే చెవుల్లేవు. నాగస్వరం విని ఆడదు. ఊగుతున్న బూర కొసను కాచుకుని, అది ఎటు పోతే అటు తల తిప్పుతుంది.

సిద్ధాంత సూత్రం: తుపాకీ ఊగితే మెడ ఊగును.

అంటే ఆ కదలిక మొరియార్టీ స్వభావం కాదు, హోమ్స్ చేతికి జవాబు. ఎదుటివాడి చేతిలో బూర ఉన్నంత సేపే అది. దీనికి సాక్ష్యం జలపాతం దగ్గర దొరుకుతుంది. 1903లో 'ద ఎంప్టీ హౌస్'లో బతికి వచ్చిన హోమ్స్ ఆ చివరి పెనుగులాట చెబుతాడు. సిగరెట్ పెట్టే, కర్రా పక్కన పెట్టి ఉత్తచేతులతో ముందుకి నడిచాడు. మొరియార్టీ కూడా ఆయుధం తీయలేదు. మీద పడి వాటేసుకున్నాడు. అక్కడ మెడ మాటే లేదు. తుపాకీ లేదు, ఊగలేదు. సూత్రం నిలబడింది.

పండవానీ ముక్క గుర్తుంచుకోమన్నది ఇందుకే. తీజన్ బాయి తంబూరా ఎత్తినప్పుడు భీముడు పుడతాడు; అదే తంబూరా ఎటు వంగితే దుశ్శాసనుడు అటు విరుగుతాడు. చెయ్యి ఒకరిది, మెడ ఇంకొకరిది అని రెండు నాటకాలు లేవు. మొరియార్టీ ఒక్కణ్ణీ విడిగా నిలబెట్టి మెడ కొలిచిన నా మార్కుల పట్టికంతా తిరగరాయాలి. నటుడి మెడ చూసేముందు ఎదురుగా ఉన్న హోమ్స్ చేతిలో ఏముందో చూడాలి. పోర్టర్ పాముగా మొదటివాడే, మార్పు లేదు. స్కాట్ గొంతు పైకీ కిందికీ పోయేది హోమ్స్ ఎదుటే ఎక్కువ, ప్యాసు. హార్డింగ్ ఇంకా ఫెయిలే.

ఇదంతా బావకి వినిపించాను. రెండో షిఫ్టుకి బయలుదేరుతూ, హెల్మెట్ సైకిలు హ్యాండిల్‌కి తగిలించుకుని, ఒక కాలు పెడల్ మీద పెట్టి ఓపిగ్గా విన్నాడు. విని, "మరి ఆ పోలీసోడి దగ్గర లాంతరు ఎవుడి సేతిలో ఉంది బావా?" అన్నాడు.

మొరియార్టీ చేతిలో. లాంతరూ, గ్లోబూ రెండూ ప్రొఫెసర్ చేతిలోనే. గ్రహణం వివరిస్తూ లాంతరు అటూ ఇటూ తిప్పుతుంటే, దాని వెంట తల తిప్పుతూ కూర్చున్నవాడు మెక్‌డొనాల్డ్. ఆ గదిలో మెడ ఊగింది. ఊగింది ఇన్‌స్పెక్టర్‌ది. తన మెడ తనకి కనపడదు కనుక రిపోర్టులో రాయలేదు.

డేనియల్ కదలకపోవడం అప్పుడు అర్థమైంది. 'ద ఉమన్ ఇన్ గ్రీన్' కథంతా హిప్నాటిజం మీద నడుస్తుంది. బూర ఆయన పక్షం చేతిలో ఉంది. డేనియల్ పాము వేషం వేయలేదు, పాములవాడి వేషం వేశాడు. మొదటి ర్యాంకు రెండుగా చీల్చి పోర్టర్‌కి ఒకటి, డేనియల్‌కి ఒకటి ఇచ్చాను. యెవ్‌గ్రాఫోవ్ గ్రేస్ మార్కులు అలాగే ఉంచాను. ఈ చివరి అధికరణానికి కర్తగా బావ పేరు వేస్తానంటే, "ఒగ్గేయ్ బావా, మా ఫోర్‌మన్‌కి తెలిస్తే పని లేదనుకుంటాడు" అని తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.